పదో తరగతి అయిపోయిన పిల్లలకు ఆఫీసు మెసేజ్‌లు, మెయిళ్లు రాయడం ఎలా నేర్పారు? మీ అనుభవాలు చెప్పండి

మల్కాజ్‌గిరి_అమ్మ | మే 5, రాత్రి 9.40

మా అమ్మాయి ఈ ఏడాదే పదో తరగతి పరీక్షలు రాసింది. కాలేజీ తెరిచేదాకా ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని మా తమ్ముడికి తెలిసిన ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి పంపుతున్నాం. జీతం లేదు, పని చూసి నేర్చుకోవడమే. ఫైళ్లు సర్దుతుంది, బిల్లులు స్కాన్ చేస్తుంది, కాగితాలు ఇంకా పంపని క్లయింట్లకు ఆఫీసు ఫోన్ నుంచి వాట్సాప్‌లో గుర్తు చేస్తుంది.

ఇవాళ ఒక షాపు ఆయనకు ఇలా పెట్టిందట: "సార్ మీ బిల్స్ ఇంకా రాలేదు. ఫాస్ట్‌గా పంపండి." ఆయన వెంటనే ఆడిటర్ గారికి ఫోన్ చేసి "ఇన్నేళ్లుగా మీ దగ్గరికి వస్తున్నా, ఎవరో నాకు ఆర్డర్ వేయడమేంటి" అని గట్టిగానే అన్నారట. ఆడిటర్ గారు పిల్లని పల్లెత్తు మాట అనలేదు. కానీ ఇది ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "సార్ అనే కదా రాశాను, తప్పేముందమ్మా" అని ఒకటే అడుగుతోంది.

స్కూల్లో లెటర్ రైటింగ్‌కి దీనికి ఎప్పుడూ పూర్తి మార్కులే. ఆ మార్కులకీ ఈ రెండు లైన్లకీ మధ్య ఏం తప్పిపోయిందో నాకు తెలియడం లేదు. మీ పిల్లలకు గానీ, మీ దగ్గర పనికి చేరిన కుర్రాళ్లకు గానీ మీరు ఎలా నేర్పారో చెప్పండి.

ఉప్పల్_ఇంగ్లిష్_టీచర్ | మే 5, రాత్రి 10.25

అమ్మా, ముందు పాపని అన్నం తినమనండి. ఆ పిల్ల తప్పు కన్నా మా తప్పు ఎక్కువ.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. మా పిల్లలు లీవ్ లెటర్ కంఠతా పట్టేస్తారు. అక్క పెళ్లికి వెళ్లాల్సి వచ్చినా "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అనే రాస్తారు, ఎందుకంటే వాళ్లకు వచ్చిన ఉత్తరం అదొక్కటే. ఎవరికి రాస్తున్నాం, చదివాక ఆయన ఏం చేయాలి అన్న ఆలోచనే ఉండదు. ఎడమ పక్క అడ్రస్, తేదీ, కింద "యువర్స్ ఒబీడియెంట్లీ" సరిగ్గా ఉంటే మేం మార్కులు వేసేస్తాం.

రెండేళ్ల కింద దీన్ని మార్చాలని పట్టుబట్టాను. స్కూలు వెనక సందులో వీధి దీపం వెలగడం లేదు. తొమ్మిదో తరగతి వాళ్లను వార్డు ఆఫీసుకి నిజంగా పంపే ఉత్తరం రాయమన్నాను. 38 మంది రాశారు. దాదాపు అందరూ "మా వీధిలో దీపం లేక ప్రజలు ఎన్నో ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అని మొదలుపెట్టారు. నేను చదివి అడిగిందొకటే: "లైన్‌మన్ అన్న నిచ్చెన తీసుకుని బయల్దేరాడు. ఎక్కడికి వెళ్లాలి?" క్లాసంతా నిశ్శబ్దం. వెనక బెంచీ బాబు ఒకడు సాయంత్రం తనంతట తనే వెళ్లి, స్తంభం మీద రాసిన నంబర్, పక్కన కిరాణా షాపు పేరు, ఎన్ని రోజులుగా వెలగడం లేదో అక్కడి ఆమెను అడిగి రాసుకొచ్చాడు. వాడి ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ తప్పులు బోలెడు. అయినా పంపింది వాడి ఉత్తరమే, తప్పులు దిద్ది. ఆ వారంలోనే దీపం వెలిగింది. పరీక్షల్లో ఎప్పుడూ వెనకబడే ఆ పిల్లాడి ముఖం ఆ రోజు చూడాల్సింది.

మీ పాప మెసేజ్‌లో లోపం కూడా అదే. ఏ నెల బిల్లులు? ఏ తేదీకి కావాలి? ఎందుకు? తను ఎవరు? ఒక్కటీ లేదు. "ఫాస్ట్‌గా" అన్న మాటలో తొందర ఉంది, తేదీ లేదు.

రాణిగంజ్_హార్డ్‌వేర్ | మే 6, ఉదయం 7.15

మా దుకాణంల జరిగింది చెప్త. పైపులు, ఫిట్టింగులు అమ్ముతం. ఇంటర్ చదివే పిల్లగాడు సెలవుల్ల పనికొచ్చిండు, మంచోడు. ఒక కాంట్రాక్టర్ ఫోన్ల "డేఢ్ ఇంచు పైపులు 20" అన్నడు. మన బజార్ల అందరం ఉర్దూ లెక్కలే మాట్లాడతం కదా. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయి అంటే రెండున్నర. పిల్లగానికి తేడా తెల్వదు, చీటి మీద రెండున్నర రాసిండు. ఆటోల మాల్ సైట్‌కి పోయింది, వాపస్ వచ్చింది. రెండు దిక్కుల కిరాయి నా మీదనే పడ్డది.

వాన్ని తిట్టలే. అప్పటి సంది ఒక కాయిదా పెట్టిన. ఫోన్ల ఆర్డర్ వస్తే, పెట్టేసినంక గదే మనిషికి వాట్సాప్‌ల తిరిగి రాయాలె: "అన్నా, 1.5 ఇంచు పైపు, 20 పీసులు, రేపు 11 గంటలకు సైట్‌కి. కరెక్టేనా?" ఆయన అవునన్నంకనే మాల్ కదలాలె. గిదే మా దుకాణం ఉత్తరం. ఇప్పుడు ఆ పిల్లగాడు డిగ్రీ చదువుతుండు, ఇంకా గట్లనే రాస్తడు.

రాయదుర్గం_లీడ్ | మే 6, మధ్యాహ్నం 1.50

నేను సాఫ్ట్‌వేర్‌లో ఒక టీమ్ చూస్తాను. ఏటా ఫ్రెషర్లు వస్తారు. కోడ్ రాయడం నెలలో పట్టేస్తారు, నాలుగు వాక్యాల మెయిల్‌కి మాత్రం ఏడాది పడుతుంది. ఇది హైస్కూల్లోనే అలవాటైతే ఎంత బాగుండు అని ప్రతిసారీ అనిపిస్తుంది. నేను చూసినవి రాస్తాను, వరస లేకుండా.

చాట్‌లో "హాయ్ అక్కా" అని పెట్టి ఊరుకుంటారు. నేను మీటింగ్‌లో ఉంటాను, గంట తర్వాత "చెప్పు" అంటాను, అప్పటికి వాళ్లు భోజనానికి వెళ్తారు. ఒక చిన్న ప్రశ్నకి పూట గడిచిపోతుంది. పలకరింపూ ప్రశ్నా ఒకే మెసేజ్‌లో రాయమని చెప్పండి.

"డౌట్" అన్న మాట. మనకు డౌట్ అంటే ప్రశ్న. స్కూల్లో "డౌట్స్ ఉన్నాయా" అని అడిగి అడిగి అలవాటు చేశారు. మా కుర్రాడు అమెరికా క్లయింట్‌కి "మీ డిజైన్ మీద నాకు డౌట్ ఉంది" అని ఇంగ్లిష్‌లో రాశాడు. వాళ్లకు డౌట్ అంటే అనుమానం, నమ్మకం లేకపోవడం. ఆయన కంగారుపడి మీటింగ్ పెట్టాడు. తీరా చూస్తే మావాడు అడగాలనుకున్నది ఒక బటన్ రంగు గురించి.

తేదీలు. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. "రేపు సాయంత్రం" కూడా అంతే. మనం న్యూయార్క్ కన్నా ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు ముందుంటాం. ఎవరి సాయంత్రం?

మెయిల్ పెట్టేటప్పుడు "టు"లో అడ్రస్ చివరన రాయడం మంచిది. సగం రాసిన మెయిల్ చెయ్యి తగిలి వెళ్లిపోయే ప్రమాదం ఉండదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో పంపింది వెనక్కి తీసుకునే గడువును 30 సెకన్లకు పెంచుకోవచ్చు, పిల్లల అకౌంట్లలో ఇవాళే మార్చేయండి. వాట్సాప్‌లో అయితే పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు.

తార్నాక_ఇంటర్ | మే 6, మధ్యాహ్నం 2.30

అక్కా, ఏఐతో రాయించుకుని పంపితే తప్పా? మా ఫ్రెండ్స్ అందరూ అలానే చేస్తున్నారు. నాకు బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం ప్రిన్సిపాల్ మేడమ్‌కి మెయిల్ పెట్టాలి, ఇంగ్లిష్ తప్పు పోతుందేమోనని భయం.

రాయదుర్గం_లీడ్ | మే 6, మధ్యాహ్నం 3.05

భయం సహజమే తమ్ముడూ. ముందు నువ్వు రాయి, తెలుగులో అయినా సరే. తర్వాత "ఇందులో తప్పులు చూపించు, ఎందుకు తప్పో చెప్పు" అని అడుగు. మొత్తం దానికే వదిలేస్తే ఒక కాగితం కోసం మూడు పేరాల పొగడ్తలు రాసిపెడుతుంది. పైగా నీ క్లాసు, సెక్షన్, రోల్ నంబర్ దానికేం తెలుసు? మేడమ్‌కి కావాల్సింది అవే.

ఉప్పల్_ఇంగ్లిష్_టీచర్ | మే 6, రాత్రి 8.10

నేను ఇందులో ఇంకొంచెం గట్టిగా ఉంటాను. ఇంటర్ అయ్యేదాకా దాని జోలికి వెళ్లకపోతేనే మేలు. తప్పు వాక్యం రాసి, అది తప్పని తెలిసి, చేత్తో దిద్దుకున్నప్పుడే వస్తుంది. బోనఫైడ్ కోసం ఆరు వాక్యాలు కూడా అక్కర్లేదు బాబూ. నీ పేరు, క్లాసు, రోల్ నంబర్, ఎందుకు కావాలి (బస్ పాస్‌కా, స్కాలర్‌షిప్‌కా), ఎప్పటికి కావాలి, ఎవరొచ్చి తీసుకుంటారు. రాసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.

రిటైర్డ్_సూపరింటెండెంట్ | మే 6, రాత్రి 9.30

అమ్మా, నేను కలెక్టరేట్‌లో సెక్షన్ సూపరింటెండెంట్‌గా చేసి దిగిపోయాను. సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీలు ఏళ్ల తరబడి చదివాను. చదువుకున్న పిల్లలు తమ తాతలకు, నాన్నలకు రాసిచ్చిన అర్జీలే ఎక్కువ. అందుకే ఈ విషయం నాకు దగ్గరిది.

ఒకటి బాగా గుర్తుంది. ఒక పెద్దాయన రెండు పేజీల అర్జీ ఇచ్చాడు. మనవరాలు రాసిందట, చేతిరాత ముత్యాల్లా ఉంది. మొదటి పేజీ అంతా ఆయన ఆరోగ్యం, కొడుకుల సంగతి. రెండో పేజీ కింది నుంచి మూడో లైన్లో తెలిసింది, పింఛన్ రెండు నెలలుగా ఆగిందని. పింఛన్ ఐడీ ఎక్కడా లేదు. వెనక జనం బారులు తీరి ఉన్నారు, అధికారి మొదటి పేజీ సగం చదివి "ఆరోగ్యం" అన్న మాట పట్టుకుని వైద్య శాఖకు రాసిపెట్టారు. తప్పెవరిది అంటే ఏం చెప్పను? నేను ఆయన్ను పక్కన కూర్చోబెట్టి కొత్త కాగితం మీద "విషయం: ఆగిన వృద్ధాప్య పింఛన్ తిరిగి ఇప్పించుట గురించి" అని పైనే రాయించాను. కింద ఐడీ, ఆగిన నెలలు, ఊరు, ఫోన్ నంబర్. నాలుగు లైన్లు. కష్టం చెప్పుకోవద్దని కాదు. అడిగేది ముందు చెప్పి, కష్టం తర్వాత చెప్పుకోవాలి.

పిల్లలకు ఇంకో మంచి సాధన సమాచార హక్కు దరఖాస్తు. 2005 నాటి చట్టం, ఫీజు 10 రూపాయలు, సమాధానం మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి, తెలుగులోనే రాసుకోవచ్చు, ఎందుకు అడుగుతున్నారో చెప్పే పనే లేదు. నాన్న పేరు మీద వేయండి, ముసాయిదా పిల్లలతో రాయించండి. "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే ఆఫీసులో జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ ఉండేది రికార్డు. "ఫలానా వీధి రోడ్డుకు మంజూరైన మొత్తం ఎంత, మంజూరు తేదీ ఏది, పని ఉత్తర్వు నకలు ఇవ్వండి" అంటే తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ తేడా పట్టుబడిన పిల్లకు ఏ ఆఫీసులోనైనా రాయడం వస్తుంది.

ఏది ఇచ్చినా జిరాక్స్ మీద ఇన్‌వర్డ్ నంబర్ (ఆఫీసుకి అందినట్టు వేసే నంబర్), ముద్ర వేయించుకోవాలి. ఇది కూడా నేర్పండి.

మరొక మాట. మీ అమ్మాయి "పంపండి" అంది. తెలుగులో అదేమీ అమర్యాద కాదు, "అండి" ఉంది కదా. కానీ పరిచయం లేని పెద్దవాళ్లకు, అందులోనూ మనకు పని పడ్డప్పుడు, "పంపగలరు" అనో "పంపగలరా" అనో రాస్తాం. పదహారేళ్ల పిల్ల చెవికి ఆ తేడా ఇంకా అందదు. వినగా వినగా వస్తుంది.

నర్సమ్మ_మలక్‌పేట | మే 7, తెల్లవారుజాము 5.40

నైట్ డ్యూటీ అయిపోతోంది, ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా దగ్గర డ్యూటీ మారేటప్పుడు రాసే హ్యాండోవర్ పుస్తకంలో కొత్త పిల్లలు "పేషంట్ బాగానే ఉన్నారు" అని రాస్తారు. పొద్దున వచ్చినామెకు దాంతో ఏం తెలుస్తుంది? "రాత్రి 2.10కి జ్వరం 101.4, డ్యూటీ డాక్టర్‌కి చెప్పాం, 2.20కి పారాసిటమాల్ ఇచ్చాం, 3.30కి 99.8, ఆరింటికి మళ్లీ చూడాలి" అని రాయాలి. ఇప్పుడు పరిస్థితి ఏంటి, ముందు ఏం జరిగింది, మనకేం అనిపిస్తోంది, అవతలివాళ్లు ఏం చేయాలి. మాకు ట్రైనింగ్‌లో ఈ వరసను ఎస్‌బార్ అని నేర్పారు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఏదైనా గొడవైతే వాడు ఇప్పుడు నాకు ఇదే వరసలో చెప్తాడు.

మల్కాజ్‌గిరి_అమ్మ | మే 7, రాత్రి 9.15

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని అన్నీ చదివాం. లైన్‌మన్ నిచ్చెన దగ్గర పాప ఆగిపోయింది. "అంటే ఆయనకు ఏ నెలవి పంపాలో కూడా నేను చెప్పలేదమ్మా" అంది తనే.

నెలనెలా జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క చెప్పే జీఎస్టీ రిటర్న్) వేసేవాళ్లకు తర్వాతి నెల 11వ తేదీ గడువట. ఇవాళ ఆడిటర్ గారికి చూపించి, ఆయన సరే అన్నాక మళ్లీ పంపింది. తను రాసింది ఇక్కడ పెట్టమంది:

"నమస్కారం సార్. ఆడిటర్ గారి ఆఫీసులో ట్రెయినీని. మొన్న నేను పెట్టిన మెసేజ్ సరిగ్గా లేదు, క్షమించండి. మీ ఏప్రిల్ నెల అమ్మకం బిల్లులు ఇంకా మాకు అందలేదు. జీఎస్టీఆర్-1 వేయడానికి 11వ తేదీ ఆఖరు. 8వ తేదీ సాయంత్రానికి పంపగలరా? ఫోటోలు తీసి ఈ నంబర్‌కే పంపినా చాలు. మార్చి బిల్లులు అన్నీ చేరాయి."

రిటైర్డ్_సూపరింటెండెంట్ | మే 7, రాత్రి 9.50

చివరి వాక్యం ఎవరు చెప్పారమ్మా? చాలా బాగుంది. ఆయన పాతవి కూడా వెతుక్కోకుండా చేసింది.

మల్కాజ్‌గిరి_అమ్మ | మే 7, రాత్రి 10.05

ఎవరూ చెప్పలేదండీ, తనకే తోచింది.

మల్కాజ్‌గిరి_అమ్మ | మే 8, రాత్రి 7.30

మధ్యాహ్నమే బిల్లుల ఫోటోలన్నీ వచ్చాయట. కింద "సరే అమ్మా" అని కూడా పెట్టారట. ఇది "థాంక్యూ సార్" అని పెట్టబోతే నేనే ఆపాను. ఇంకేమైనా రాయాలా?

రాణిగంజ్_హార్డ్‌వేర్ | మే 8, రాత్రి 7.45

థాంక్యూ పెట్టనీ అక్కా, కానీ ఎన్ని అందినయో లెక్క కూడ రాయమను. నంబర్లు వరసగ ఉన్నయా చూడమను.

మల్కాజ్‌గిరి_అమ్మ | మే 8, రాత్రి 8.20

చూసింది అన్నా. 211 నుంచి 254 దాకా ఉండాలి, 43 వచ్చాయి. 238 లేదు. రద్దయిందా, ఫోటో తీయడం మర్చిపోయారా అని అడుగుతూ ఇప్పుడే మెసేజ్ రాస్తోంది, నన్ను చూడనివ్వడం లేదు.