అప్‌డేట్: పట్టాయా అమ్మాయికి అన్నయ్య పంపిన డబ్బు సంగతి

థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో పరిచయమైన అమ్మాయి వాళ్లమ్మకి జబ్బని అడుగుతుంటే మా పెదనాన్నగారబ్బాయి తరచూ డబ్బు పంపుతున్నాడు, మోసమో కాదో ఎలా తేల్చాలని అడిగాను కదా. మోసమేనని తేలిపోయింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

ఆమె ఫొటోలు నెట్‌లో వెతకడం, వీడియో కాల్ పనికిరాలేదు. మనిషి నిజమే, ఫొటోలూ ఆమెవే. "ఆస్పత్రి పేరు చెప్పు, బిల్లు నేరుగా అక్కడే కడతా" అని అడగమన్న సలహాయే పనిచేసింది. పేరు రాలేదు. ఇంటర్నెట్ కేఫ్ నుంచి పాత మెయిలే మళ్లీ వచ్చింది: అదే అమ్మ జబ్బు, అవే 20,000 బాత్‌లు, పైన మాత్రం అన్నయ్య పేరు బదులు "డియర్ పీటర్". ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి పంపుతారని మీలో ఒకరు అన్నది అక్షరాలా నిజం.

మన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. ఫిర్యాదు తీసుకున్నారు గానీ, అవతల నగదుగా తీసేసుకున్న డబ్బు వెనక్కి రావడం కష్టమన్నారు. థాయ్‌లాండ్‌లో ఉండేవాళ్లయితే అక్కడి ఆన్‌లైన్ మోసాల హెల్ప్‌లైన్ 1441కి చేయాలి. అన్నయ్య ఇంకా సరిగ్గా తినడం లేదు, ఇప్పుడు నా టెన్షనంతా అదే.