అర్జెంట్: శనివారం హాల్ లేదు, పిల్లల ప్రోగ్రాం ఎక్కడ? (నెదర్లాండ్స్ తెలుగువాళ్ల గ్రూపు చాట్, ఎవరి ఊరు వాళ్ల పేరు)

రోటర్‌డామ్: ఇప్పుడే స్కూల్ వాళ్లు ఫోన్ చేశారు. ఫ్లోర్ రిపేరట, శనివారం హాల్ ఇవ్వలేమన్నారు. ఇంకో చోట అడిగితే 900 యూరోలు అంటున్నారు. మన దగ్గర ఉన్నది 410. ముందు దీనికో దారి చెప్పండి. రాత్రికల్లా తేల్చాలి.

డెల్ఫ్ట్: డాన్సులు ఉంచి ఆ స్విమ్మర్ మారీ బ్రౌన్ నాటకం తీసేద్దాం. స్టేజీ, ప్రొజెక్టర్ దానికే కదా కావాలి. అసలు మన ప్రోగ్రాంలో ఆమె ఎందుకని అప్పుడే అడిగాను.

హేగ్: ఎందుకంటే మన పిల్లలు ఈ దేశంలోనే ఈత డిప్లొమా (ఈత వచ్చని ఇచ్చే సర్టిఫికెట్) కోసం తంటాలు పడుతున్నారు అన్నా! మారీ బ్రౌన్ మన రోటర్‌డామ్ అమ్మాయి. 1928లో, 17 ఏళ్లకే, ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత) గెలిచింది. ఈతలో ఒలింపిక్ బంగారం తెచ్చిన తొలి డచ్ మహిళ. 400 మీటర్ల ఫ్రీస్టైల్లో వెండి కూడా. మా పాపకి డైలాగులన్నీ నోటికొచ్చేశాయి. తీసేశామని దానికి మీరే చెప్పండి.

డెల్ఫ్ట్: పిల్లల మీద నాకేం కోపం? మిగతా 490 ఎవరిస్తారో చెప్పండి. ప్రతిసారీ చివరికి ఎవరి జేబుకి చిల్లు పడుతుందో అందరికీ తెలుసు.

హేగ్: అయితే నేనే ఇస్తాను. సరేనా?

ఆమ్‌స్టెల్వేన్: ఎవరూ ఇవ్వక్కర్లేదు. కాస్త ఆగండి ఇద్దరూ. ప్రొజెక్టర్ లేకపోతే కథ నోటితో చెప్పిద్దాం. మారీకి కోచ్ వాళ్లమ్మే కదా, డచ్ ఈతలో అందరూ 'మా బ్రౌన్' (డచ్‌లో 'మా' అంటే అమ్మ) అనే ఆవిడ. 1936 బెర్లిన్‌లో మూడు బంగారాలు గెలిచిన రీ మాస్టెన్‌బ్రుక్ కూడా ఆవిడ శిష్యురాలే. మా అత్తయ్యగారు ఆ అమ్మ వేషం వేస్తానంటున్నారు. ఇంకోటి, 1932 ఒలింపిక్స్ వదిలేయొద్దు. లాస్ ఏంజిలిస్‌లో పురుగు కుట్టి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, మారీ బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్ ఈదలేకపోయింది. ఏడాది ముందే పారిస్‌లో యూరప్ ఛాంపియన్ అయిన పిల్ల. తల్లి ప్రాణం ఎలా ఉండి ఉంటుంది? అది అత్తయ్యగారే చెప్పాలి.

డెల్ఫ్ట్: ఈ లాస్ ఏంజిలిస్ సంగతి నాకు తెలీదు. ఉంచండి, నాటకం ఉండాల్సిందే. రోటర్‌డామ్‌లో క్రాలింగ్సే బాస్ పార్కులో చెరువు పక్కన గడ్డి మీద చేసుకుందామా? పార్కుకి అద్దె లేదు. వానొస్తే టార్పాలిన్లు నా వ్యాన్లో తెస్తాను.

హేగ్: తప్పకుండా అన్నా. ఈతకొలనుకి నీలం చీరలు పరుద్దాం. 1928లో ఆమె ఫైనల్ టైం 1 నిమిషం 22 సెకన్లు. పాప చేతులు తిప్పుతూ వెనక్కి నడుస్తుంటే అందరం 82 దాకా గట్టిగా లెక్కపెడదాం.

రోటర్‌డామ్: పార్కే ఖాయం. పొద్దున 10కి రండి. పులిహోర నేను కలుపుతాను, పెరుగన్నం డెల్ఫ్ట్ వాళ్లది. మైక్ ఉండదు, అత్తయ్యగారిని గట్టిగా చెప్పమనండి. నీలం చీరలు మూడు కావాలి, జరీ లేనివి. ఎవరి దగ్గరున్నాయి?

ఆమ్‌స్టెల్వేన్: నా దగ్గర రెండున్నాయి.