శిరీష అంటే ఏ పువ్వు? పెద్దన పద్యం నుంచి బర్త్ సర్టిఫికెట్ దాకా

ప్రశ్న:
పాపకు శిరీష అని పెట్టాలనుకుంటున్నారు. అర్థం వెతికితే ఒకచోట పువ్వు అని, ఒకచోట సూర్యుడు అని, ఇంకోచోట శిరస్సుకు సంబంధించినదని ఉంది. పువ్వే అయితే ఏ పువ్వు? పేరు మరీ పాతబడిందంటారా?

జవాబు:
పువ్వేనండీ, సందేహం లేదు. సూర్యుడికీ శిరస్సుకూ దీనితో చుట్టరికం లేదు. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో ‘శిరీషస్తు కపీతనః’ (శిరీషానికే కపీతన అని మరో పేరు) అని వనౌషధివర్గంలో చెట్ల మధ్య ఉంటుంది. మన తెలుగు మాట దిరిసెన. వ్యుత్పత్తి శౄ ధాతువు నుంచి చెబుతారు. ‘శీర్యతే’ అంటే ఇట్టే చిట్లిపోయేది, రాలిపోయేది. శరీరం, శీర్ణం అన్న మాటలూ ఆ ధాతువువే.

తెలుగువాళ్లకు ఈ మాట బాగా తెలిసింది మనుచరిత్ర అవతారికలో రాయలు పెద్దనను కృతి అడిగే తేటగీతి వల్ల:

సప్తసంతానములలోఁ బ్రశస్తిఁ గాంచి
ఖిలము గాకుండునది ధాత్రిఁ గృతియ కాన
కృతి రచింపుము మాకు శిరీషకుసుమ
పేశలసుధామయోక్తులఁ బెద్దనార్య!

పేశలం అంటే సుకుమారం. దిరిసెన పువ్వంత మెత్తని, అమృతం నిండిన మాటలతో రాయమని అడగడం. మూడో పాదంలో యతి చూడండి: ‘కృ’లోని ఋకారానికి ‘శిరీష’లోని ‘రీ’ యతి. చదివేటప్పుడు ‘మాకుశి’ దగ్గర గణం ముగిసి ‘రీష’తో కొత్త గణం ఎత్తుకుంటుంది. చాలామంది అక్కడ తడబడి ‘శిరిష’ అని హ్రస్వం చేసేస్తారు. అలా చేస్తే నాలుగో గణానికి గలం (గురువు, లఘువు) పోయి రెండు లఘువులే మిగులుతాయి. పేరు రాసేటప్పుడు జరిగే తప్పు కూడా ఇదే: రీ దీర్ఘం, మొదట శ, చివర ష. శిరిష, షిరీష, శిరీశ మూడూ తప్పులే.

ఇంకొకరు:
పెద్దన దాకా వచ్చారు కాబట్టి కాళిదాసునూ చేర్చాలి. కుమారసంభవం ఐదో సర్గలో తపస్సుకు బయలుదేరిన పార్వతితో తల్లి మేన అనే మాట: ‘పదం సహేత భ్రమరస్య పేలవం శిరీషపుష్పం న పునః పతత్త్రిణః’. తుమ్మెద కాలు పెడితే ఓర్చుకుంటుంది గాని పక్షి వాలితే ఓర్చుకోలేదని. ఇక్కడ పేలవం అంటే సుకుమారమైనదని. ‘సినిమా పేలవంగా ఉంది’ అనే అర్థంతో చదివితే శ్లోకం పాడైపోతుంది.

శాకుంతలం మొదట్లో నటి గ్రీష్మం మీద పాడే ప్రాకృత గీతంలోనూ ఇదే పువ్వు. స్త్రీలు దాన్ని చెవికి పెట్టుకుంటారు. అందులో ‘సుకుమారకేసరశిఖాని’ (ప్రాకృతానికి సంస్కృత రూపం; మెత్తని కేసరాల కొసలున్నవి అని) అనడం కవి చెట్టుకింద నిలబడి చూసిన మాట. దిరిసెనలో రేకులు కనబడీ కనబడనంత చిన్నవి. మనం పువ్వు అనుకునేదంతా రెండు మూడు సెంటీమీటర్ల కేసరాల కుచ్చు, మీగడ రంగుతో మొదలై పసుపుకు తిరుగుతుంది.

మరొకరు:
కుచ్చు అన్నారు గనక హెచ్చరిక: శిరీష అంటూ పంచుకునే గులాబీ రంగు కుచ్చుల ఫొటోలు చాలావరకు నిద్రగన్నేరువి. అది అమెరికా ఖండం నుంచి తెచ్చి నాటిన చెట్టు, కాళిదాసు చూసే వీలే లేదు. రెండిటి ఆకులూ రాత్రి ముడుచుకుంటాయి కాబట్టి ఆకుతో తేల్చలేరు, కాయతో తేల్చండి. దిరిసెన కాయ పల్చగా కాగితంలా, జానెడు పొడవున, ఎండితే గడ్డి రంగులో ఉంటుంది. గాలికి లోపల గింజలు గలగలమంటాయి. నిద్రగన్నేరు కాయ నల్లగా మందంగా ఉండి, లోపల తియ్యటి జిగురు గుజ్జు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దిరిసెన చెట్టు కింద సాయంత్రం నిలబడితే వాసనే చెబుతుంది.

సుకుమారమన్నది సగం సంగతే. ఆయుర్వేదం రాసిన చరకుడు తన గ్రంథంలోని సూత్రస్థానంలో విషం విరిచేవాటిలో శ్రేష్ఠం శిరీషమన్నాడు. తమిళులకు ఇదే చెట్టు వాగై, గెలిచినవాళ్లు ఆ పూలు ముడిచేవాళ్లు. ‘వాగై చూడు’ (తమిళంలో చూడు అంటే ముడుచుకోవడం) అంటే ఇప్పటికీ గెలవడమే. ఒకే పువ్వును సంస్కృత కవి చెవికి పెట్టాడు, తమిళ కవి విజేత తలకు చుట్టాడు. పాప పేరుకు ఈ రెండో అర్థం కూడా కలిసొస్తే మంచిదేగా!

అడిగినవారు:
సంస్కృతంలో శిరీషః పుంలింగం కదండీ, ఆడపేరు ఎలా అయింది? నక్షత్రం శతభిషం, సరిపోతుందా?

మొదట జవాబిచ్చినవారు:
చెట్టుకు పుంలింగం, పువ్వుకు నపుంసకం. పేరు చేసేటప్పుడు స్త్రీప్రత్యయం చేర్చి శిరీషా అన్నారు, తెలుగులో చివరి దీర్ఘం కుదించుకుని శిరీష అయింది, లతా లత అయినట్టే. మగపిల్లలకు శిరీష్ అంటున్నారు, అది హిందీ పద్ధతి. మల్లి, తులసి నేరుగా పేర్లయ్యాయి గాని పాపం దిరిసెన కాలేదు.

శతభిషం నాలుగు పాదాలకు పేరు మొదటి అక్షరాలు గో, సా, సీ, సూ. మూడో పాదమైతే ‘సీ’. శ, స ఒకటేనని శిరీష పెట్టేస్తుంటారు, ఒప్పుకోని సిద్ధాంతులూ ఉన్నారు. బారసాలకు ముందే అడగండి.

పాతబడిందా అంటే, సునీత, శైలజ, మాధవిల తరం పేరన్నది నిజం. తల్లుల వయసు వాళ్లలో ఎక్కువ, బడిపిల్లల్లో తక్కువ. నా లెక్కలో అది లాభం, క్లాసులో ముగ్గురు శిరీషలు ఉండరు. 2021 జూలై 11న అంతరిక్షయానం చేసిన బండ్ల శిరీష తరువాత బయటివాళ్లకూ నోరు తిరిగిన పేరు.

ఇంకొకరు:
ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఇప్పుడే తేల్చుకోండి. మొదట ఎస్ ఒక్కటా, ఎస్‌హెచ్చా? ‘రీ’కి ఐ ఒకటా, రెండు ఈలా? అక్కడికే నాలుగు రూపాలు. ఆసుపత్రి కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, టెన్త్ మెమోలో ఒకటి పడితే పాస్‌పోర్టు దగ్గర చిక్కు. జననం నమోదైన 12 నెలల లోపు పేరు చేర్చడానికి రుసుం లేదు, తరువాత 15 ఏళ్ల దాకా రుసుంతో చేర్చుకోవచ్చు. కాబట్టి తొందరపడి ఏదో ఒకటి రాయించకుండా, తెలుగులో ‘శిరీష’ అని రాసిన కాగితం పట్టుకెళ్లి, కంప్యూటర్‌లో ఎక్కించాక దీర్ఘం ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.