7.8 కిలోల పాపకు టీబీ బిళ్ల ఒకటా, రెండా?

ప్రాణహిత ఒడ్డు: సిరోంచలో మా అక్క కూతురికి టీబీ మందులు మొదలుపెట్టారు. బరువు 7.8 కిలోలు. చార్టులో 4–7 కిలోలకు రోజుకొకటి, 8–11కి రెండు అని ఉంది. నర్సమ్మ ఒకటే ఇచ్చింది. మంచిర్యాల డాక్టరు రెండు వేయమన్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్.

ఆశాతాయి: చార్టే ఖాయం. 8 నిండలేదంటే ఒకటే. ఎవరికి తోచిన లెక్క వాళ్లు చెబితే ఊళ్లలో మేం మందులు పంచినట్టే!

మందుల కొట్టు: తాయీ, లెక్క చూడండి. ఒక బిళ్లలో రిఫాంపిసిన్ 75, ఐసోనియాజిడ్ 50, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు. పిల్లలకు కిలోకు వరుసగా 10–20, 7–15, 30–40 అందాలి. ఒక్క బిళ్లతో ఈ పాపకు అందేది 9.6, 6.4, 19. మూడూ తక్కువే! రెండేస్తే మూడూ హద్దులోనే ఉంటాయి. చిన్నపిల్లల ఒంట్లోంచి ఈ మందులు తొందరగా పోతాయనే 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మోతాదు పెంచింది. చాలీచాలని మందుతో క్రిమి మొండికేస్తే ఎవరిది పూచీ?

ఆశాతాయి: తూకం సంగతేంటి మరి? చలికాలం స్వెటర్‌తో సహా తూస్తారు. పాప అసలు బరువు 7.3 అయితే రెండు బిళ్లలకు రిఫాంపిసిన్ కిలోకు 20 దాటుతుంది.

మందుల కొట్టు: దాటేది కిలోకు అర మిల్లీగ్రాము. దానికి కాలేయం పాడవుతుందా?

అహేరి తమ్ముడు: అన్నా, నాలుగో మందు మరిచావు. ఎథాంబుటాల్ 100 విడి బిళ్ల. కిలోకు 15–25 ఉండాలి. ఒకటేస్తే 12.8, రెండేస్తే 25.6. అది కంటిచూపును దెబ్బతీయగల మందు, ఈ వయసు పిల్ల మసకగా ఉందని చెప్పలేదు కదా. విడి బిళ్లే కాబట్టి దాని సంగతి వేరేగా తేల్చొచ్చేమో మెడికల్ ఆఫీసర్‌నే అడగాలి. ఆశా, నర్సు, కొట్టు, మనం ఎవరం తేల్చేది కాదు.

మందుల కొట్టు: అది ఒప్పుకుంటా. మూడు మందుల బిళ్ల మాత్రం రెండే అంటాను.

ప్రాణహిత ఒడ్డు: నీళ్లలో కరిగించినా గ్లాసు అడుగున పొడి మిగులుతోంది. అదీ లెక్కలోకి రాదా?

ఆశాతాయి: వస్తుంది. ఇంకాస్త నీళ్లు పోసి తిప్పి అదీ తాగించండి. సోమవారం బట్టలు తీసి తూయించి, బరువు కార్డు మీద రాయించుకుని డాక్టర్‌కు చూపించండి.