వెనిస్ కా దోరో: లోపలికి వెళ్లాలా, పడవలోంచి చూస్తే చాలా?

తుంగభద్ర: వచ్చే నెల అమ్మానాన్నలతో వెనిస్ వెళ్తున్నాం. అక్కడ పెద్ద కాలువ ఒడ్డున కా దోరో, అంటే ‘బంగారు మేడ’ అనే పాత భవనం ఉంది, ఇప్పుడు మ్యూజియం. దానికి టికెట్ కొనడం దండగా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. దగ్గర్లో శాకాహారం దొరుకుతుందా?

మిలాన్‌మావయ్య: ఒకటో నంబరు వాపొరెట్టో (పడవ బస్సు) ఎక్కండి, ఆ పేరుతోనే స్టాప్ ఉంది. టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే చెల్లుతుంది. మా బావగారు మధ్యలో దిగి ఫొటోలు తీసుకుంటూ టైం మర్చిపోయి అదే టికెట్‌తో మళ్లీ ఎక్కారు, ఫైన్ పడింది, ఇప్పటికీ నన్నే తిడతారు.

రాగిచెంబు: పేరుకే బంగారు మేడ. గోడ మీద రవ్వంత బంగారం ఉంటే ఒట్టు.

రాతిపని: దీన్ని కట్టించిన మారినో కొంటారీనీ 1430ల్లో పూయించిన బంగారం, నీలం ఉప్పుగాలికి ఇన్నాళ్లుంటాయా అండీ? పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి, తెలిసే చెబుతున్నా. అసలు నాశనం చేసింది ఆ డాన్సర్ టాల్యోనీ. రష్యా యువరాజు 1846లో కొనిపెడితే పెరట్లో గోథిక్ (మధ్యయుగ శైలి) మెట్లు పీకించేసింది.

సిరిమువ్వ: పలుగు పట్టుకుని ఆవిడే పీకిందా? పని చేయించింది మెడూనా అనే ఆర్కిటెక్టు. ఆయన పేరు మాత్రం ఎవరి నోటా రాదు, తిట్లన్నీ నాట్యగత్తెకే!

రాతిపని: ఓనర్ చెప్పకుండా ఆర్కిటెక్టు చేస్తాడా? ఇంగ్లీషు కళావిమర్శకుడు రస్కిన్ అప్పుడే మొత్తుకున్నాడు, చదివి మాట్లాడండి.

సిరిమువ్వ: చదివాకే మాట్లాడుతున్నా. మీ వృత్తి సంగతి ఎవరూ అడగలేదు.

రాగిచెంబు: మెట్లు పోతే పోయాయి, బంగారం సంగతి తేల్చండి.

పాతబొమ్మలు: కొట్టుకోవడం ఆపి ఈ మేడ చివరి సొంతదారు ఫ్రాంకెట్టీ గురించి చెప్పండయ్యా. 1894లో కొని, అంతకుముందే అమ్ముడుపోయిన ఎర్రరాతి బావి ఒరను, శిల్పి బోన్ చెక్కినదాన్ని, కూడా వెనక్కి తెచ్చాడు. కింద రంగురాళ్ల నేల స్వయంగా కూర్చుని పేర్చాడట, కోటీశ్వరుడు! 1916లో మేడంతా సర్కారుకిచ్చేశాడు. ఆయన చితాభస్మం అక్కడే ఓ స్తంభం కింద ఉంది. పై అంతస్తులో మాంటెన్యా గీసిన సెయింట్ సెబాస్టియన్ బొమ్మ ఒక్కటి చాలు. ఒంటినిండా బాణాలు, కింద మూల ఆరిన కొవ్వొత్తి, పొగ ఇంకా లేస్తూనే ఉంటుంది. అందరూ బాణాలు చూసి వెళ్లిపోతారు.

తుంగభద్ర: మెట్లంటే పీకేసిన మెట్లు కాదండీ, నాన్నగారు ఎక్కాల్సినవి!

మిలాన్‌మావయ్య: బొమ్మలన్నీ పై అంతస్తుల్లోనే. లిఫ్ట్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అయ్యాక పక్కనే సాంతా సోఫియా రేవులో త్రగెత్తో (కాలువ దాటించే పడవ) ఎక్కితే నిమిషాల్లో అవతలి ఒడ్డున రియాల్తో చేపల మార్కెట్టు.

తుంగభద్ర: శాకాహారం అడిగితే చేపల మార్కెట్టా!

మిలాన్‌మావయ్య: దాని పక్కనే కూరగాయల కొట్లమ్మా, పొద్దున్నే వెళ్లండి.