ఎంజీబీ గేర్‌బాక్స్ కారుతోంది: ఇంజన్ దించాలా, నూనె పోస్తూ నడిపేయాలా?

పచ్చ_ఎంజీ:
అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండ్‌లో, రీడింగ్ దగ్గర. రెండేళ్ల కిందట 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (బ్రిటిష్ వాళ్ల పాత ఓపెన్‌టాప్ స్పోర్ట్స్ కారు) ఒకటి కొన్నాను. నాలుగు గేర్లకీ సింక్రో (గేరు గరగరలాడకుండా పడేట్టు చేసే రింగు) ఉన్న బాక్సు, దాని వెనక లేకాక్ ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు). మార్చి నుంచి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గంట లాంటి డొప్ప) కింద చుక్కలు పడుతున్నాయి. వంటింట్లోంచి పాత బేకింగ్ ట్రే తెచ్చి పెట్టి కొలిచాను, నెలకి 150 మి.లీ. దాకా పోతోంది. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గుతోంది కాబట్టి పోయేది బాక్సు నూనేనని నా నమ్మకం. ఇక్కడొక షెడ్డుకి తీసుకెళ్తే ఆయన ఒక్కసారి వంగి చూసి, గేర్‌బాక్స్ ముందు వైపు సీల్ (షాఫ్ట్ చుట్టూ నూనె ఆపే రింగు) పోయింది, ఇంజనూ బాక్సూ కలిపి దించాల్సిందే అని అంచనా రాసిచ్చాడు. ఆ అంకె చూసినప్పటి నుంచి మా ఆవిడ కారు అమ్మేయమంటోంది. సీలు పది పౌండ్లు కూడా ఉండదు, మిగతాదంతా కూలీయే! దించి తీరాలా, లేక నెలకోసారి నూనె పోసి నడిపేస్తే కొంప మునుగుతుందా? ఇంకోటి, స్పీడోమీటర్ అద్దం లోపల జిడ్డు మసక పట్టింది, ముల్లు ఒక్కోసారి ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తోంది. అది తర్వాత చూసుకుంటాలెండి.

షెడ్డు_పిల్లోడు:
దించెయ్ అన్నా, ఆలోచించకు. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ షెడ్డు. నీ బండిది 1798 సీసీ, మా అంబాసిడర్‌ది 1489, రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్లే, అన్నదమ్ముల లెక్క. ముందు వైపు సీల్ దగ్గర లీకైతే ఆ నూనె నేల మీదే పడుతుందనుకోకు, బెల్ హౌసింగ్ లోపల తిరిగే క్లచ్ మీదకి చిమ్ముతుంది. ఇవాళ ట్రేలో చుక్క, రేపు మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. అప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, క్లచ్‌ని నొక్కే ఆ కార్బన్ బేరింగు అన్నీ కొనాలి, ఇంజన్ ఎలాగూ దించాలి. అదేదో ఇప్పుడే దించి ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు కూడా కొత్తది వేసుకుంటే మళ్లీ పదేళ్లు కిందకి చూడక్కర్లేదు.

లెక్కల_మాస్టారు:
షెడ్డు వాళ్ల అబ్బాయి దించమనక ఇంకేమంటాడు :) నేనో లెక్క చెప్తాను. ఓవర్‌డ్రైవ్‌తో కలిపి ఆ బాక్సులో పట్టేది సుమారు 3.4 లీటర్లు, నెలకి పోయేది 150. ఈ బాక్సులో పోసే 20డబ్ల్యు50 ఇంజన్ నూనె ఐదు లీటర్ల డబ్బా ఒకటి కొంటే 33 నెలలు వస్తుంది. నెలకోసారి కార్పెట్ ఎత్తి, టన్నెల్ (సీట్ల మధ్య గేర్‌బాక్స్‌ని కప్పే రేకు) మీద రబ్బరు మూత తీసి, గరాటు పెట్టి పోసుకోవడం ఎంతసేపు? నా ఎంజీబీ పదకొండేళ్లుగా కారుతూనే ఉంది, క్లచ్ ఒక్కసారి కూడా జారలేదు. బెల్ హౌసింగ్ అడుగున చిల్లు పెట్టి అందులో స్ప్లిట్ పిన్ వేలాడదీసి పంపింది ఈ కార్లు తయారుచేసిన అబింగ్‌డన్ ఫ్యాక్టరీ వాళ్లే. నూనె చేరితే క్లచ్ మీదకి పోకుండా కిందికి కారిపోవాలనే కదా! ఆ పిన్ను మట్టి పట్టి బిగుసుకుపోకుండా ఊగుతోందో లేదో చూసుకుంటే చాలు.

న్యూజెర్సీ_నట్టు:
ఇద్దరూ పెద్ద పెద్ద మాటలు చెప్తున్నారు. ఇంజన్ నూనె పల్చన కాబట్టి కారుతోంది. 90 గేర్ ఆయిల్ పోయండి బ్రో, పైన ఒక లీక్ స్టాప్ సీసా. నా మియాటాకి (మాజ్డా స్పోర్ట్స్ కారు) అదే చేశాను, సెట్ అయిపోయింది.

లెక్కల_మాస్టారు:
బాబూ, మియాటాలో ఓవర్‌డ్రైవ్ యూనిట్ విడిగా లేదు. ఇక్కడ బాక్సుకీ ఓవర్‌డ్రైవ్‌కీ నూనె ఒకటే. ఓవర్‌డ్రైవ్ నడిచేదే ఆ నూనె ప్రెషర్‌తో, పట్టు దొరికేది కోన్ క్లచ్ లైనింగ్‌తో. అందులో జారుడు మందులు కలపొద్దని తయారుచేసినవాళ్లే చెప్పారు. 1972 కారుకి హ్యాండ్‌బుక్‌లో ఉన్నది ఇంజన్ నూనే. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ అయితే లోపలి ఇత్తడి, కంచు భాగాలకి దానిలోని గంధకం మందు పడదన్న గొడవ వేరే ఉంది. సీల్ కోసం సింక్రోలు పోగొట్టుకోమంటారా?

న్యూజెర్సీ_నట్టు:
ఓకే మాస్టారూ, తిట్టకండి. ఓవర్‌డ్రైవ్ సంగతి చూసుకోలేదు.

కింద_పడుకున్నోడు:
అసలు అది ముందు వైపు సీలేనని ఎవరు తేల్చారు? ఒక్కసారి వంగి చూసినాయనా? ఈ కారుతో చిక్కేంటంటే ఇంజన్‌లోనూ బాక్సులోనూ ఒకటే 20డబ్ల్యు50, వాసన చూసి చెప్పడానికి లేదు. వేరే కార్లలో అయితే గేర్ ఆయిల్ గంధకం కంపు కొట్టి తనెవరో తనే చెప్తుంది. ఇక్కడ రంగే దిక్కు. ఇంజన్‌ది నల్లగా, బాక్సుది తేనె రంగులో ఉంటుంది. పచ్చ గారూ, మీ ట్రేలోది ఏ రంగు? ఇంకో ప్రశ్న, మీ ఇంటి ముందు బండి పెట్టే చోటు వాలుగా ఉందా?
ఇంజన్ ఎడమ పక్కన ట్యాపెట్ కవర్లు (వాల్వుల్ని కదిపే భాగాల మీది రేకు మూతలు) రెండుంటాయి, వాటి ప్యాకింగ్ దగ్గర కారి, గాలికి వెనక్కి పాకి, బెల్ హౌసింగ్ కింద చుక్కై నిలబడుతుంది. దాన్ని చూసి ఇంజన్లు దించేసినవాళ్లు ఉన్నారు. యూవీ డై (అతినీలలోహిత లైటు కింద మెరిసే రంగు) కొంచెం బాక్సులో పోసి, నాలుగు రోజులు తిప్పి, ఆ లైటు వేసి చూడండి.

షెడ్డు_పిల్లోడు:
మందు కలపొద్దని మాస్టారు అంటుంటే, డై కలపమని మీరంటారా? ఇదేం న్యాయం. మా నాన్న పద్ధతి చెప్తాను. అడుగంతా పెట్రోలుతో శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, ముగ్గుపిండి జల్లు. ఓ పావుగంట నడిపి ఆపు. ఎక్కడ మొదలైతే అక్కడ తడి చార కనిపిస్తుంది. దించాలన్న మాట మీద మాత్రం నేను అక్కడే ఉన్నా.

కింద_పడుకున్నోడు:
పిండి మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. డై వద్దు. కడిగేది మాత్రం పెట్రోలుతో వద్దు, ఇంటి దగ్గర నిప్పుతో చెలగాటం. బ్రేక్ క్లీనర్ అయినా ఆరుబయటే, ఇంజన్ చల్లారాకే. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందకి దూరకండి, స్టాండ్లు వేయండి.

పచ్చ_ఎంజీ:
ఆదివారం మొత్తం దీనికే పోయింది. ముగ్గుపిండి ఇక్కడెక్కడ దొరుకుతుంది, మా ఆవిడ టాల్కమ్ పౌడర్ డబ్బా ఖాళీ చేశాను (ఈ సంగతి ఇంకా బయటపడలేదు). పావుగంట తిప్పి వచ్చి కింద పడుకుని చూస్తే, స్ప్లిట్ పిన్ దగ్గర శనగగింజంత నల్ల చుక్క ఒకటి, అంతే. తేనె రంగు చార మాత్రం వెనక ఓవర్‌డ్రైవ్ కుడి పక్కన, స్పీడోమీటర్ కేబుల్ తగులుకునే చోట మొదలైంది. అక్కడి నుంచి బాక్సు అడుగు వెంట ముందుకి పాకుతూ వచ్చింది. అవును, మా ఇంటి ముందు వాలే, బండి ముక్కు కిందికి పెట్టి ఆపుతాను. అందుకే అంతా బెల్ హౌసింగ్ కింద ట్రేలో పడుతోంది! అద్దం లోపల మసక ఎక్కడిదో కూడా తెలిసింది. కేబుల్ నట్టు విప్పగానే అందులోంచి నూనె మోచేతి దాకా కారింది.

లెక్కల_మాస్టారు:
అయితే ఇంజన్ దించే పని తప్పింది. స్పీడో పినియన్ (స్పీడోమీటర్ కేబుల్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం) సీల్ కింద నుంచే మార్చుకోవచ్చు. చోటు ఇరుకు, ఒక మధ్యాహ్నం పడుతుంది, వేళ్ల చర్మం కొంచెం పోతుంది.

షెడ్డు_పిల్లోడు:
తప్పలేదు మాస్టారూ. ఆ నల్ల చుక్క సంగతేంటి? అది ఇంజన్‌ది, క్రాంక్ వెనక సీలే అయ్యుంటుంది. ఇవాళ శనగగింజ, వచ్చే ఏడాది?

కింద_పడుకున్నోడు:
ట్యాపెట్ కవరు కూడా కావచ్చు తమ్ముడూ. ముందు ఆ ప్యాకింగ్ మార్చి, మళ్లీ పౌడర్ కొట్టి, అప్పుడు మాట్లాడుకుందాం. ఎప్పుడో క్లచ్ అరిగి ఇంజన్ దించే రోజు వస్తుందిగా, ఆ సీలు అప్పుడు వేసుకుంటే పోయేదేముంది? నెలకి చెంచాడు నూనె కోసం ఇద్దరు మనుషులు ఎత్తలేని ఇంజన్‌ని ఎవరు దించుతారు.

షెడ్డు_పిల్లోడు:
నువ్వు దించవు, చివరికి నాలాంటివాడు దించాలి. సరే. పచ్చ అన్నా, క్రాస్‌మెంబర్ (బాక్సు వెనక్కొనని మోసే అడ్డపట్టీ) బోల్టులు వదులు చేసి బాక్సు వెనక్కొన కొంచెం దింపితే స్పానర్ తిరగడానికి చోటు వస్తుంది, కింద జాకీ ఆనించి మాత్రమే. మిల్లీమీటర్ స్పానర్లతో మొదలుపెట్టకు, నట్ల మూలలు అరిగిపోతాయి, ఇంచీలవే కావాలి. కొత్త సీల్‌కి స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి రావాలి, తిరగేసి కొట్టకు. కొట్టేముందు అంచుకి కాస్త నూనె రాయి.

పచ్చ_ఎంజీ:
సీల్ ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందట. ఇంచీ స్పానర్లు లేవు, పక్కింటాయన్ని అడగాలి. పౌడర్ డబ్బా కూడా కొనాలి.