షెడ్డు ముందు కారులోంచి దిగలేకపోతున్నా. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే బయటికి పొక్కుతుందా?

లేత్_బాలానగర్:

వయసు 41. ఖమ్మం దగ్గర పల్లె మాది. హైదరాబాద్ బాలానగర్‌లో జాబ్‌వర్క్ షెడ్డు నడుపుతున్నా, కంపెనీలకి మెషిన్ పార్టులు చేసిస్తాం. కంప్యూటరుతో నడిచే కోత మెషిన్లు మూడు (రెండు సీఎన్‌సీలు, ఒక వీఎంసీ), మా మేనమామ ఇచ్చిన పాత లేత్ ఒకటి. పన్నెండు మంది పనోళ్లు. తొమ్మిదేళ్లయింది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తా, ఎలాగూ అడుగుతారు. మా పనిలో సగానికి పైగా ఒకే పంపుల కంపెనీకి. వాళ్ల దగ్గర 19 లక్షలు ఆగింది, పాత బిల్లుకి 140 రోజులు. "వచ్చే వారం" అనే అబ్బాయి ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు. వాళ్లు ఇచ్చినా ఇవ్వకపోయినా, బిల్లు కొట్టాం కాబట్టి 20వ తేదీకి జీఎస్టీ మేం కట్టాల్సిందే. 7న జీతాలు. వీఎంసీ కిస్తీ 78 వేలు. మా ఆవిడ గాజులు, హారం తాకట్టులో ఉన్నాయి. బావమరిది 6 లక్షలిచ్చాడు, ఇంతవరకూ ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

కానీ ఇంతకన్నా గడ్డు రోజులు 2020లో చూశా. షట్టరు దించి, ఒడిశా కుర్రాళ్లకి బియ్యం కొనిచ్చి, రాత్రి హాయిగా పడుకున్నా. ఇప్పుడు తెల్లవారుజామున మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ. చేతులు చల్లబడతాయి. హార్ట్ ఎటాక్ అనుకుని పరుగెత్తా. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ నార్మల్. ఆ డాక్టరుగారు చీటీ వెనక ఒక సైకియాట్రిస్ట్ పేరు రాసిచ్చారు. ఐదు వారాలైంది, పర్సులోనే ఉంది.

పొద్దున ఎస్.ఆర్.నగర్‌లో బయల్దేరి ఎర్రగడ్డ మీదుగా మూసాపేట వైపు వస్తా. చిన్నప్పటి నుంచీ "ఎర్రగడ్డకి పంపాలిరా వీణ్ణి" అని నవ్వుకున్నవాళ్లమే కదా. ఇప్పుడు ఆ పిచ్చాసుపత్రి గేటు దాటేటప్పుడు తల అటు తిప్పను.

షెడ్డు ముందుకొచ్చాక కారులోంచి దిగలేను. పదినిమిషాలు, ఒక్కోసారి ముప్పావుగంట. దిగాక నవ్వుమొహం పెట్టుకోవాలి. ఓనరు మొహం చూసే ఈ నెల జీతం పడుతుందా లేదా అని లెక్కేసుకుంటారు మావాళ్లు. గట్టిగా నిట్టూర్చానంటే సాయంత్రానికి ఇద్దరు పక్క షెడ్డులో పని అడిగొస్తారు. అప్పుకన్నా ఈ వేషమే చంపుతోంది.

పోయిన నెల డ్రాయింగు పాత రివిజన్‌ది పట్టుకుని ఓకే చెప్పేశా. ఫ్లాంజ్ (పైపులు బిగించే చక్రం) బోరు 0.4 ఎంఎం తేడా. 340 పీసులు రిజెక్టు. తొమ్మిదేళ్లలో అలాంటిది చేయలేదు. మెషిన్లు సెట్ చేసే మా సెట్టర్ ఏమీ అనలేదు, ట్రేలు తీసి స్క్రాప్ దగ్గర పెట్టాడు.

అమ్మకు రాసిచ్చిన నిద్రమాత్రలు రాత్రి ఒకటి వేసుకుంటున్నా, ఒక్కోసారి రెండు. ఒక్కోరోజు పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉండిపోతే బాగుండనిపిస్తుంది. కంగారు పడకండి, ఏదో చేసుకునే రకాన్ని కాదు.

అడగాల్సింది ఇదీ. డాక్టరు దగ్గరికి వెళ్తే బ్యాంకుకి, ఇన్సూరెన్సుకి తెలుస్తుందా? మందులు మొదలుపెడితే మైక్రోమీటరు పట్టుకునే బుర్ర మొద్దుబారుతుందా? మా ఆవిడకి ఎలా చెప్పాలి?

విజయపథం:

బ్రదర్, పొద్దున్నే ఐదింటికి లేవండి. నడక, ప్రాణాయామం. నెగెటివ్ ఆలోచనల్ని దగ్గరికి రానివ్వకండి. వ్యాపారం చేసేవాడికి గుండెధైర్యమే పెట్టుబడి.

లేత్_బాలానగర్:

మూడింటికే లేస్తున్నా సార్.

ఆటోనగర్_పెదబాబు:

తమ్ముడూ, బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ బాడీలు కట్టినవాణ్ణి. చివర్లో ఆ "రకాన్ని కాదు" అన్నావే, దాని దగ్గర ఆగిపోయా. నేనూ అదే మాట అనుకునేవాణ్ణి. మాత్రలు చేతికందే చోట పెట్టుకుని ఆ ఆలోచన చేయడం మంచిది కాదు. ఈ రాత్రే డబ్బా ఇంట్లోవాళ్ల చేతికియ్యి. మూడింటికి మెలకువ వచ్చి ఆ ఆలోచన గట్టిగా పట్టుకుంటే 14416కి కొట్టు. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, 2022 నుంచి ఉంది. ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

నా వంతు 2018లో వచ్చింది. నువ్వు ట్రెడ్‌మిల్‌తో బయటపడ్డావు, నేను ఆంజియోగ్రామ్ దాకా వెళ్లొచ్చా. ఆఖరికి ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చున్నా. ముప్పావుగంట మాట్లాడించింది. ఎస్సిటాలోప్రామ్ అనే మందు చిన్న డోసుతో మొదలెట్టింది. మొదటి వారం కడుపులో తిప్పడం, చిరాకు. రెండువారాలు ఏ తేడా లేదు, డబ్బు దండగ అనుకున్నా. నాలుగో వారంలో ఒకరోజు ఇడ్లీ తింటుంటే అల్లంచట్నీ ఘాటు తెలిసింది. అప్పటిదాకా నాలిక చచ్చిపోయిందని కూడా తెలీదు నాకు.

బుర్ర మొద్దుబారుతుందని భయపడుతున్నావు. 340 పీసులు స్క్రాప్‌లో వేసింది ఏ మందూ తినని బుర్రే కదా తమ్ముడూ? నా మట్టుకు నాకు మొదట్లో కాస్త మత్తుగా ఉండేది, చెబితే రాత్రికి మార్చింది. ఏడాది దాటాక ఆవిడే మెల్లగా తగ్గించి ఆపింది. మధ్యలో సంక్రాంతికి ఊరెళ్లి నాలుగురోజులు మానేస్తే తల తిరిగిపోయింది, ఆ తప్పు చేయకు. అమ్మగారి మాత్రలు ఎన్ని, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావో దాచకుండా చెప్పు. వాటిలో కొన్ని అలవాటుపడతాయి. అలాగని ఒక్కసారిగా ఆపడమూ కుదరదు, ఎలా తగ్గించాలో వాళ్లే చెప్తారు.

ఇంట్లో చెప్పడానికి పెద్ద మాటలక్కర్లేదు. నేనైతే చీటీ తీసి టేబులు మీద పెట్టా, అంతే.

గోదావరి_సీఏ:

లేత్ గారూ, బ్యాంకు, ఇన్సూరెన్సు సంగతి నేను చెప్తానండి. రాజమండ్రిలో ప్రాక్టీసు, నా క్లయింట్లలో సగం మంది మీలాంటి చిన్న యూనిట్లవాళ్లే.

బ్యాంకులు చూసే సిబిల్ రిపోర్టులో మీ అప్పులు, కిస్తీలు ఉంటాయి, మీ మందులు ఉండవు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని స్పష్టంగా ఉంది. ఇన్సూరెన్సు కంపెనీలు కూడా మానసిక వ్యాధుల్ని శరీర వ్యాధులతో సమానంగా చూడాలని అదే చట్టం చెప్తోంది. ఒక్క జాగ్రత్త. ఇకముందు కొత్త పాలసీ తీసుకునేటప్పుడు ఫారంలో అడిగితే నిజమే రాయండి. దాస్తేనే రేపు క్లెయిము దగ్గర ఇబ్బంది.

ఇక ఆ 19 లక్షలు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉందా? సరుకిచ్చే నాటికే ఉండుంటే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆగిన బిల్లుల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెడితే ఆ కంపెనీ మళ్లీ పనివ్వదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నేను మొదట పెట్టించను. సూక్ష్మ, చిన్న యూనిట్లకి గడువులోపు కట్టని బిల్లు, కట్టేదాకా కొనుగోలుదారుకి ఇన్‌కంటాక్సులో ఖర్చు కింద రాదు, 1961 చట్టంలో అది సెక్షన్ 43బి(హెచ్). ఇది గుర్తుచేస్తూ వాళ్ల ఆడిటరుకి కాపీ పెట్టి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పను. మార్చి ముందు మాత్రం కాస్త కదలిక ఉంటుంది.

కిస్తీ తప్పేలా ఉంటే తప్పకముందే బ్రాంచికి వెళ్లండి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత మేనేజరు మంచివాడైనా అతని చేతిలో ఉండేది తక్కువ. అయితే ముందు డాక్టరు, తర్వాత ఉత్తరం. నిద్రలేకుండా రాసిన ఉత్తరాలు చాలా చూశానండి, తిట్లే ఉంటాయి.

లేత్_బాలానగర్:

అందరికీ దణ్ణాలు. మూడురోజులకి వచ్చా.

పెదబాబు గారూ, చీటీ టేబులు మీద పెట్టా. మా ఆవిడ చదివి "ఇన్నాళ్లూ పర్సులో పెట్టుకుని తిరుగుతున్నావా" అంది. అమ్మ మాత్రలు తగ్గుతున్నాయని తనకి ముందే తెలుసంట. నేనడిగేలోపే డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళమేసింది.

ఇంకోటి చెప్పాలి. నిన్న సెట్టర్‌ని పక్కకి పిలిచి, ఒంట్లో బాగోలేదు, గురువారం సాయంత్రం ఉండనని చెప్పా. "తెలుసన్నా" అన్నాడు. ఆ ఫ్లాంజుల తర్వాత నేను ఓకే చేసిన ప్రతి డ్రాయింగునీ తను మళ్లీ చూసే ప్రోగ్రాము ఎక్కిస్తున్నాడంట. నేను కారులో ఎంతసేపు కూర్చుంటున్నానో కూడా వాళ్లకి తెలుసు. ఆ కాసేపూ ఎవరూ బయటికి రాకుండా టీ కుర్రాణ్ణి లోపలే ఆపుతున్నాడంట. ఇన్ని నెలలుగా నేను ఎవరి ముందు వేషం కట్టానో అర్థం కాలేదు.

ఉద్యమ్ ఉంది మేడమ్, 2021లోదే. ఉత్తరం చిత్తుప్రతి వచ్చే వారం ఇక్కడే పెడతా, ఒకసారి చూడండి. తిట్లుంటే కొట్టేయండి.

గురువారం ఆరున్నరకి టైమిచ్చారు. క్లినిక్ అమీర్‌పేటలో. ఎర్రగడ్డ గేటు దాటి వెళ్లనక్కర్లేదు, అదొక్కటి కలిసొచ్చింది.